మెడ నిలబడిందని రాశావు

జనవరి 12

బస్సు మహారాణికి,

అన్నయ్య దీవెనలు. వదిన దీవెనలు విడిగా రాయమంది, తనవి నా వాటితో కలపొద్దట. ఫోను ఉండగా ఉత్తరమేమిటని మూతి తిప్పకు. ఫోనులో మనిద్దరం రెండో నిమిషానికే పోట్లాటకి దిగుతాం. కాగితం మీదైతే కాస్త మర్యాదగా ఉంటాం.

అసలు సంగతి ఏమిటంటే నన్ను పరీక్షకి తీసుకున్నారు. బడి పరీక్ష కాదులే, అవి నాకు అచ్చిరాలేదని నీకు తెలుసు. ఇక్కడి పెద్దాసుపత్రిలో మన మెడ జబ్బుకి కొత్త మందు ప్రయత్నించి చూస్తున్నారు. ఇప్పుడు మనం వేయించుకునే సూది మూడు నెలలు పని చేస్తుందని పేరే కానీ చివరి వారాలు ఎలా గడుస్తాయో మనకి తెలుసు. కండరాలు బిగుసుకుపోయి నా తలని కుడికీ, నీ తలని ఎడమకీ ఎవరో పట్టి లాగినట్టు లాగేస్తాయి. ఈ కొత్త మందు ఒక్కసారి వేస్తే ఆరు నెలలు ఉంటుందని వాళ్ల ఆశ.

ఇందులో ఒక తిరకాసు ఉంది. వచ్చినవాళ్లలో కొందరికి అసలు మందు, కొందరికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికేది పడిందో మాకూ తెలియదు, సూది వేసే డాక్టరమ్మకీ తెలియదు. మూడో నెల పరీక్ష నుంచీ, మెడ మళ్లీ తిరిగితే చెప్పాలట. చెబితే చాలు, ఏ జట్టులో ఉన్నా అసలు మందు వేస్తారట. డాక్టరమ్మ చిన్నపిల్లే. ఓపిగ్గా రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లూ తల ఊపాను, ఊపకుండా ఉండలేను కదా మరి.

వెళ్లిన ప్రతిసారీ కెమెరా ముందు కూర్చోబెట్టి వీడియో తీస్తారు. అప్పుడు చెంపకి చెయ్యి ఆనించకూడదు. ఆనిస్తే తల కాసేపు తిన్నగా వచ్చేస్తుంది కాబట్టి అది దొంగలెక్క అవుతుంది. ఆ మాట వినగానే నాన్న గుర్తొచ్చాడు. ఎప్పుడు చూసినా చెంపకి వేలు ఆనించుకుని కూర్చునేవాడు. ఏదో గొప్ప ఆలోచనలో ఉన్నాడని మనం చప్పుడు చెయ్యకుండా తిరిగేవాళ్లం. పాపం, మెడ ఆపుకోవడానికి కూర్చున్నాడని మనకేం తెలుసు. మనుషుల మొహం చూసి మాట్లాడడని గర్విష్ఠి అనే పేరు మోసుకునే పోయాడు.

స్టూడియో పెట్టిన దగ్గర్నుంచీ వచ్చినవాళ్ల గడ్డం పట్టుకుని ‘తిన్నగా చూడండి’ అన్నవాణ్ణి నేను. నాలుక అంగిటికి గట్టిగా నొక్కిపెడితే మెడ నిక్కి ఫోటో బాగా వస్తుందని ఎంతమందికి చెప్పానో. ఇప్పుడు నా గడ్డం పట్టుకుని ఇంకొకరు తిన్నగా చూడమంటుంటే సిగ్గేసింది. కెమెరాకి ఇవతల ఉండటం నాకు చేతకాదు.

నీ మెడ ఎలా ఉందో రాయి. గొప్పలు పోకుండా రాయి.

వంకర అన్నయ్య

ఫిబ్రవరి 3

అన్నయ్యకి,

వదిన దీవెనలు ముందు తీసుకున్నాను, తర్వాత నీవి.

నా మెడ గొప్పలు పోయే స్థితిలో లేదు. సూది వేయించుకున్న మొదటి రెండు నెలలు దొరసానిలా నడుపుతాను. తర్వాత కుడివైపు అద్దం నాకు పరాయిదైపోతుంది. తల ఎడమకి పోతుంది కదా, కుడి అద్దం చూడాలంటే నడుం దగ్గర్నుంచీ మనిషి మొత్తం తిరగాలి. ఎక్కేవాళ్లేమో నేను వాళ్లనే చూస్తున్నాననుకుని పలకరిస్తారు. ఒక పెద్దాయన రోజూ బదులు చెప్పి చెప్పి ఇప్పుడు వాళ్లింటి విషయాలన్నీ నాకు చెబుతున్నాడు. కోడలు మంచిదేనట.

నవ్వులాటకి రాస్తున్నాను కానీ భయంగా ఉంది. ఆగస్టులో డ్రైవర్లందరికీ డాక్టర్ల బోర్డు ఉంటుంది. యాభై దాటినవాళ్లు అందులో తప్పితే మళ్లీ స్టీరింగు ముట్టుకోనివ్వరు. నాకు నిరుడు యాభై దాటింది. పెళ్లి చేసుకోలేదని మీరంతా నన్ను ఎన్ని సంవత్సరాలు సతాయించారు. నేను ఆ సీట్లో ఎక్కి కూర్చున్న మొదటి రోజునే నా ఇల్లు నాకు దొరికిందనుకున్నాను. ఇది ఎవరితోనూ అనలేదు, నీకు రాస్తున్నాను. పొద్దున్నే మొదటి ట్రిప్పు తీసేటప్పుడు బస్సంతా ఖాళీగా, చల్లగా, నా ఒక్కదానిదే అయి ఉంటుంది. అది పోతే నాకు ఇంకేం లేదు.

మీ పరీక్ష గురించి మా ఆసుపత్రి డాక్టరుని అడిగాను. అక్కడ మందు నిలిస్తే ఇక్కడ రెండో జట్టుని తీసుకుంటారట, జూలైలో మొదలు కావచ్చట. అందుకని నీకు ఏం జరిగినా జరిగినట్టు రాయి. ఈ జబ్బుతో ఈ లోకంలో నాకు తెలిసింది నువ్వొక్కడివే. నీకు బాగైతే నాకూ బాగవుతుంది. నీకు బాగవకపోతే ఇద్దరం కలిసి తిట్టుకుందాం.

చెల్లి

మార్చి 20

మహారాణీ,

పసిపిల్లలకి మూడో నెలలో మెడ నిలబడుతుంది, నాకు యాభై ఆరో ఏట నిలబడింది. డిపోలో అందరికీ చెప్పుకో.

సూది ఫిబ్రవరి ఇరవయ్యిన వేశారు. మెడలో నాలుగు చోట్ల. వారం రోజులు ఏమీ తెలియలేదు. తర్వాత ఒకరోజు గడ్డం గీసుకుంటుంటే అద్దంలో నా రెండు చెవులూ ఒకేసారి కనబడ్డాయి. వదినని కేకేశాను. ఆవిడ వచ్చి చూసి, రెండు చెవులున్నా చెప్పిన మాట ఏనాడైనా విన్నారా అని వెళ్లిపోయింది. కానీ వంటింట్లో కళ్లు తుడుచుకుంది, చూశాను.

మొన్న ఆసుపత్రిలో కొలిచారు. డాక్టరమ్మ చిన్న కొలబద్దలాంటిది మెడ దగ్గర పెట్టి ఏవేవో అంకెలు చెబుతుంటే పక్కన ఇంకొకాయన రాసుకున్నాడు. బాగుందండీ అని ఆమె నవ్వింది. ఆమె మొహం అంత వెలిగిపోతే నాకే ఏదో సాధించినట్టు అనిపించింది.

ఇంతకంటే రాయడానికి లేదు. షాపులో బడిపిల్లల ఫోటోల రద్దీ. ఒకడు ఎంత చెప్పినా నాలుక బయటపెట్టే తీయించుకున్నాడు. వాళ్లమ్మ అదే బాగుందని తీసుకెళ్లింది.

రెండు చెవుల అన్నయ్య

ఏప్రిల్ 8

అన్నయ్యా,

నీ ఉత్తరం డిపో క్యాంటీన్‌లో చదివి గట్టిగా నవ్వాను. కండక్టరు నాకేదో అయిందనుకుని మంచినీళ్లు తెచ్చాడు.

నీ రెండు చెవులూ కనబడేలా ఒక ఫోటో పంపు. ఊరందరికీ తీస్తావు, మాకు మాత్రం నీ మొహం ఇవ్వవు. బస్సులో పెట్టుకుంటాను.

నేనొక నిర్ణయం తీసుకున్నాను. ఏమిటని అడక్కు. నువ్వు చివాట్లు పెడతావు, అందుకే ఆగస్టు దాకా చెప్పను. చెడ్డదేమీ కాదు. చాలా రోజుల తర్వాత ముందుకి ఏదో ఉన్నట్టు ఉంది.

నా మెడ సంగతి దిగులు పెట్టుకోకు, మామూలే.

చెల్లి

మే 16

మా ఇంటి మహారాణికి,

నిర్ణయమా! అందులోనూ ఆగస్టు దాకా రహస్యమా. నేనూ వదినా రెండు రోజులు ఇదే పనిలో ఉన్నాం. ఆ పెద్దాయనకి పెళ్లి కావలసిన తమ్ముడెవరైనా ఉన్నాడా? లేక మంచినీళ్లు తెచ్చిన కండక్టరా? ఎవరైనా సరే, నాకేం అభ్యంతరం లేదు. టిక్కెట్టు కొనుక్కుని ఎక్కేవాడైతే చాలు. వదిన మాత్రం ఈ వయసులో దానికి తోడు దొరికితే అంతకంటే ఏం కావాలి అని నిజంగానే మురిసిపోయింది. చివాట్లు పెట్టను, ఒట్టు.

ఫోటో పంపుతున్నాను. స్టూడియోలో కెమెరాని స్టాండు మీద పెట్టి నేనే తీసుకున్నాను. నాకే నేను గిరాకీ అయ్యాను.

మూడో నెల పరీక్ష అయింది. ఇంకా నిటారుగానే ఉందని రాసుకున్నారు. నా లెక్కలు చూసి డాక్టరమ్మ పైవాళ్లకి చూపించిందట. మందు ఇలాగే నిలిస్తే త్వరలోనే అందరికీ అందుతుందని అంది. నువ్వు గుర్తొచ్చావు.

అక్షరాలు వంకరగా ఉన్నాయని అనుకోకు. కొత్త బల్ల, ఎత్తు కుదరలేదు.

అన్నయ్య

జూన్ 28

అన్నయ్యా,

పెళ్లికొడుకు సంగతి ఊహించేసుకోండి, నేనేమీ అనను. వదినని కొన్నాళ్లు మురిసిపోనీ.

ఫోటో అందింది. ఎంత బాగున్నావు. నీ మెడ ఇంత పొడుగని నాకు తెలియదు. అద్దం పక్కన అంటించాను. ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడల్లా చూసుకుంటున్నాను.

నేనొకటి అడుగుతాను. దానికి మాత్రం వేళాకోళం లేకుండా సమాధానం రాయి. నీకు సూది వేసి నాలుగు నెలలు దాటింది. నిజంగా నిలబడిందా? ఎందుకని అడక్కు. పెద్ద ఉత్తరం కూడా వద్దు. ఒక్క మాట రాస్తే చాలు, దాన్ని బట్టి నేను ఒక పని చేసుకోవాలి. జూలై పదిహేను లోపల నాకు అందాలి.

చెల్లి

జూలై 7

చెల్లీ,

నిలబడింది.

అన్నయ్య

ఆగస్టు 19

అన్నయ్యకి,

నేను మొన్న మీ ఊరు వచ్చాను.

పొద్దున్న రైలు దిగి నేరుగా మీ షాపు దగ్గరికి నడిచాను. నీకు ఒక సంగతి స్వయంగా చెప్పాలని వచ్చాను. అంతకంటే, మెడ నిలబడిన మనిషిని ఒకసారి కళ్లారా చూడాలని వచ్చాను. ఎదురుగా తాళంచెవులు చేసే బడ్డీ ఉంది కదా, దాని పక్కన ఎండలో నిలబడి వాహనాలు తగ్గేదాకా ఆగాను. అక్కణ్ణుంచి మీ అద్దాల తలుపులోంచి లోపలంతా కనబడుతుంది.

స్టూలు మీద ఒక చిన్నపిల్ల కూర్చుంది. నువ్వు కెమెరా వెనక ఉన్నావు. నీ తల పూర్తిగా కుడి భుజం మీదికి వాలిపోయి ఉంది. ఒక చేత్తో చెంపని నెట్టుకుంటూ ఇంకో చేత్తో కెమెరా సర్దుతున్నావు. తర్వాత ఆ పిల్ల గడ్డం సరిచెయ్యడానికి చెయ్యి తీశావు. తీయగానే తల విసిరేసినట్టు మళ్లీ కుడికి పోయింది. నువ్వు గోడని చూస్తూ ఆ పిల్ల గడ్డాన్ని చేత్తో తడిమి సరిచేశావు. వాళ్లమ్మ ఇటు తిరిగి వీధిలోకి చూసింది. నన్నే చూసింది. నేను ఎవరో ఆవిడకి తెలియదు.

నేను లోపలికి రాలేదు. వస్తే నువ్వు ఏదో ఒకటి చేసి తిన్నగా నిలబడి నవ్వేవాడివి. ఆ నవ్వు నేను చూడలేను. మళ్లీ స్టేషనుకి వెళ్లి తిరుగు రైలెక్కాను.

ఇప్పుడు నా నిర్ణయం ఏమిటో చెబుతాను. పెళ్లికొడుకు లేడు. ఏప్రిల్‌లో నేను పాత సూది మానేశాను. రెండో జట్టులో చేరాలంటే పాత మందు ఒంట్లో లేకుండా మూడు నెలలు ఉండాలని మా డాక్టరు చెప్పాడు. నీకు బాగుందని రాశావు కదా, అందుకని మానేశాను. మే నెల నుంచీ నొప్పితో పళ్లు నూరుకుంటూ నడిపాను. జూన్‌లో రెండో జట్టు అక్టోబరుకి వాయిదా పడిందని తెలిసింది. డాక్టరు నన్ను కూర్చోబెట్టి రెండు దార్లు చెప్పాడు. జూలైలో పాత సూది వేయించుకుంటే ఆగస్టు బోర్డు నాటికి మెడ తిన్నగా ఉంటుంది, కానీ రెండో జట్టులో చోటు పోతుంది. వేయించుకోకపోతే చోటు ఉంటుంది, బోర్డు సంగతి నా అదృష్టం. మీ అన్నయ్యకి ఎలా ఉందో కనుక్కుని చెప్పమ్మా అన్నాడు.

అందుకే నిన్ను అడిగాను. నువ్వు ఒక్క మాట రాశావు. ఆ మాట పట్టుకుని సూది వద్దన్నాను. మూడు నెలలకోసారి బతకడం, చావడం ఇంక నా వల్ల కాదన్నాను. ఆరు నెలల మందు ఉంది, మా అన్నయ్యకి నిలబడింది, బోర్డుని ఎలాగో దాటేస్తానన్నాను.

మీ ఊరు రావడానికి వారం ముందు, బోర్డులో చెంపకి వేలు ఆనించి కూర్చున్నాను, ఏదో ఆలోచిస్తున్నట్టు, నాన్నలాగా. డాక్టరు మంచాయనే. ‘చెయ్యి తియ్యమ్మా’ అన్నాడు. తీశాను. ఆయన నా కాగితం మీద ఎక్కువసేపు రాయలేదు.

బస్సు అప్పజెప్పేటప్పుడు నా సామాను తీసుకోమన్నారు. నా సామాను అంటే ఒక నీళ్ల సీసా, కళ్లద్దాల పెట్టె, నీ ఫోటో. జిగురు గట్టిగా పట్టింది. గోళ్లతో గీకాల్సొచ్చింది.

ఎందుకు రాశావు అలా? నేను దిగులు పడతాననా? నేనేం చిన్నపిల్లనా?

చెల్లి

ఆగస్టు 30

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. వదిన చేత చదివించుకున్నాను, తల వంచి చదవడం ఇప్పుడు నాకు కుదరదు. సగం చదివి ఆవిడ ఆగిపోయింది. మిగతాది అద్దం ముందు చెంపకి చెయ్యి పెట్టుకుని నేనే చదివాను. ఇది కూడా ఆవిడే రాస్తోంది. ఒక్క మాట కూడా మార్చొద్దని చెప్పాను.

నువ్వు దిగులు పడతావని కాదు. అదైతే ఇంత పాపం అయ్యేది కాదు.

మొదటి నెల నిజంగానే మేలనిపించింది. రెండు చెవుల సంగతి అబద్ధం కాదు. ఆశకి కూడా అంత బలం ఉంటుందేమో. ఏప్రిల్ చివరికి అంతా మొదటికొచ్చింది. మూడో నెల పరీక్షకి వెళ్లి నిజం చెప్పేద్దామనే కూర్చున్నాను. కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది. నాకు తెలియకుండానే నాలుక అంగిటికి వెళ్లి నొక్కుకుంది. ఇన్నేళ్ల అలవాటు. కెమెరా ముందు మనిషి వంకరగా ఉంటే నేను భరించలేను, ఆ మనిషి నేనైనా సరే. మెడ తిన్నగా వచ్చేసింది. వాళ్లు చేతులు చూశారు, చేతులు ఒళ్లోనే ఉన్నాయి. మూసిన నోట్లో ఏముందో ఎవరు చూస్తారు.

అప్పుడైనా చెప్పొచ్చు. డాక్టరమ్మ మీ ఫలితం చాలా బాగుంది, ఇలాంటివి ఇంకొన్ని ఉంటే మందు త్వరగా బయటికొస్తుంది అంది. అంతే, నా బుర్ర అక్కడే ఆగిపోయింది. నువ్వు ఆగస్టు బోర్డని రాసిన ఉత్తరం నా జేబులో ఉంది. నేను నిటారుగా కూర్చుంటే మందు గెలుస్తుంది, మందు గెలిస్తే నా చెల్లి చేతిలో స్టీరింగు ఉంటుంది. ఇదీ నా లెక్క. ఆ తర్వాత ప్రతిసారీ కావాలనే చేశాను. నాలుక నొక్కితే ఆ కాసేపే ఆగుతుంది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చునేసరికి రెట్టింపు కసితో లాగేసేది. ఒకసారి చీపురు పట్టుకున్నామె నన్ను చూసి ఎవరినైనా పిలవనా బాబూ అంది. వద్దమ్మా, లోపల బాగానే ఉన్నాను అన్నాను.

నువ్వు ఒక్క మాట రాయమని అడిగినప్పుడు ముందు నిజమే రాశాను. చించేశాను. నీకు చెబితే డాక్టరుకి చెప్పేదాకా ఊరుకోవు. అప్పటికి ఇంకొక్క పరీక్షే మిగిలి ఉంది. దాని కోసమే అబద్ధం రాశాను. నువ్వు ఆ మాటతో ఏం చేసుకోబోతున్నావో అడిగి ఉంటే? అడగొద్దన్నావు. అడగలేదు. నీ మాట విననివాణ్ణి, ఆ ఒక్కసారే విన్నాను.

సోమవారం వెళ్లి డాక్టరమ్మకి అంతా చెప్పాను. నాలుక సంగతి కూడా చెప్పి, చేసి చూపించాను. ఆమె తిట్టలేదు. చాలాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చుంది. నా లెక్కలన్నీ తీసేస్తారట. ఇక ఆ మందు నాకు ఇవ్వరు. నాకు పడింది ఏదో చెప్పమని బతిమాలాను. పైవాళ్లని అడిగి నాలుగు రోజుల తర్వాత పిలిచి చెప్పింది.

నాకు వేసింది ఉప్పునీళ్లు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమే విడమరిచి చెప్పాల్సొచ్చింది. ఉప్పునీళ్లు పడినవాడు ఆరు నెలలు నిటారుగా కూర్చుంటే అది మందు గెలవడం కాదు, నీళ్లు గెలవడం. మందుకీ నీళ్లకీ తేడా లేదనడానికి నేను సాక్ష్యం చెప్పాను. నీ కోసం అనుకుంటూ పోయిన ప్రతిసారీ నీకు ఎదురుగా సాక్ష్యం చెప్పి వచ్చాను. మూడో నెలలో తిరిగిపోయిందని ఒక్క మాట అని ఉంటే ఆరోజే నాకు అసలు మందు వేసేవాళ్లు. అసలు మందు పడినవాళ్లకి బాగానే నిలిచిందట, పూర్తిగా తేలలేదు కానీ బాగానే ఉందట. నీకు రాయడానికి నా దగ్గర నిజమే ఉండేది.

నన్ను తిట్టు. తిట్టకుండా ఉండొద్దు.

అన్నయ్య

(వదినని. నాకు తెలుసు అమ్మా, ఆయన మెడ సంగతి. ఆసుపత్రిలో చేసింది మాత్రం తెలియదు. నీకు రాయనివ్వలేదు. నేను గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది.)

సెప్టెంబరు 14

అన్నయ్యకి, వదినకి,

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు నీతో మనసులో పోట్లాడాను. డిపోలో నన్ను పోయిన వస్తువుల గదిలో వేశారు. జనం బస్సుల్లో మర్చిపోయినవి అక్కడికి చేరతాయి. గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు. ఒంటి చెప్పుతో మనిషి ఇంటికెలా వెళ్తాడో నాకు అర్థం కాదు. నాతో పనిచేసినవాళ్లు మంచివాళ్లు. నేను వెళ్లేసరికి బల్లని గోడ దగ్గర్నుంచి లాగి పక్కకి తిప్పి వేశారు. నా తల ఎటు పోతుందో అటే కౌంటరు కిటికీ ఉండేలా చూసుకున్నారు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను గొడుగులు లెక్కపెడుతున్నట్టు వాటి వెనక కూర్చుని ఏడ్చాను. బోర్డు రోజున కూడా అంత ఏడవలేదు.

పొద్దున్న నా ట్రిప్పు ఇప్పుడు ఒక కుర్రది తీస్తోంది. బాగా నడుపుతుంది. మలుపు దగ్గర గేరు కాస్త ఆలస్యంగా మారుస్తుంది, గదిలోంచి వినబడుతుంది. చెప్పాలనిపిస్తుంది, చెప్పను.

నిన్ను క్షమించానని రాయలేను. ఇంకా లేదు. నువ్వు నా కోసమే చేశావు, అది నాకు తెలుసు. తెలిసినా బస్సు రాదు. నాది కూడా తప్పుంది. పెళ్లికొడుకని మిమ్మల్ని నమ్మనిచ్చాను, సూది మానేశానని ఒక్క ముక్క రాయలేదు. రాసి ఉంటే నువ్వు అబద్ధం ఆడేవాడివి కాదు. ఇద్దరం ఒకరినొకరం కాపాడుకుంటూ కూర్చున్నాం.

కానీ నా కోపం అబద్ధం మీద కాదు, ఉప్పునీళ్ల మీదా కాదు. మే, జూన్, జూలై, ఆ మూడు నెలలూ ఈ నొప్పి నా ఒక్కదానికే ఉందనుకున్నాను. మా అన్నయ్య గట్టెక్కాడు, నేనొక్కదాన్నే మిగిలానని దిండుకి చెంప నొక్కుకుని పడుకునేదాన్ని. అదే సమయానికి నువ్వు ఆసుపత్రి మెట్ల మీద అలాగే ఉన్నావు. ఈ మెడ ఎలా లాగుతుందో నాకు చెప్పక్కర్లేకుండా తెలిసిన మనిషివి నువ్వొక్కడివే, నువ్వు కూడా లేకుండా చేశావు. బాగాలేదు చెల్లీ అని రాసి ఉంటే నాకు బస్సు పోయినా తోడు ఉండేది.

రెండో జట్టుకి పేరిచ్చాను. అక్టోబరు మొదటి వారంలో పిలుస్తారు. నీ సంగతి మా డాక్టరుకి చెప్పాను, నాలుక గురించి కూడా. ఇక మీదట నోరు తెరిపించి కూడా చూస్తామన్నాడు. ఉప్పునీళ్లు పడితే పడనీ. తిరిగితే తిరిగిందని చెబుతాను. స్టీరింగు ఎలాగూ రాదు, చెంపకి చెయ్యి పెట్టుకోకుండా అన్నం తినగలిగితే చాలు.

నువ్వు ఇరవై మూడున పాత సూది వేయించుకుంటున్నావని వదిన ఫోను చేసి చెప్పింది. అంతకంటే ముందే, వచ్చే ఆదివారం పొద్దున్న బండికి వస్తున్నాను. ఈసారి తాళాల బడ్డీ దగ్గర ఆగను, నేరుగా లోపలికొస్తాను. గొడవ పడటానికే వస్తున్నాను, వదినకి ముందే చెప్పు.

స్టూడియోలో గిరాకీ కూర్చునే బెంచీ ఉంది కదా. దానికి కుడి చివర నేను కూర్చుంటాను, నువ్వు నా ఎడమ పక్కన కూర్చో. నీది కుడికి, నాది ఎడమకి. మనం ఏమీ చెయ్యకపోతేనే ఒకరి మొహం ఒకరికి కనబడుతుంది. చెయ్యి పెట్టుకోకు. నాలుక నొక్కకు. నా ముందు నిటారుగా కూర్చోవద్దు అన్నయ్యా.

చెల్లి